గోదారి గట్టున ఆ చిన్న పార్కు: అమ్మ, పాపతో మళ్ళీ వెళ్ళొచ్చా?

కంబాలచెరువు_అమ్మాయి
పుట్టి పెరిగింది రాజమండ్రిలోనే, పెళ్ళయ్యాక హైదరాబాద్. అమ్మకి 68 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులే. పాపకి ఆరేళ్ళు. దసరా సెలవులకి వచ్చి ఆదివారం సాయంత్రం ఇద్దర్నీ గట్టు పక్కనున్న చిన్న పార్కుకి తీసుకెళ్ళాను. పేరు రాయను, ఊళ్ళోవాళ్ళకి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు నాన్న నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళిన చోటు అది.

వెళ్ళేసరికి దారంతా వరద ఒండ్రు ఎండి పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉంది. జారుడుబల్ల కింద భాగం రేకు చిరిగిపోయింది. ఉయ్యాల ఒక్కటే బాగుంది, దాని దగ్గర పది మంది పిల్లలు. పాప చెప్పులు విప్పి గడ్డిలో పరిగెత్తింది. రెండు నిమిషాల్లో ఏడుపు. మడమలో సీసా పెంకు దిగింది. మూడు కుట్లు పడ్డాయి.

కోపంతో ఇంకెప్పుడూ రాకూడదనుకున్నాను. కానీ అమ్మ ఒకటే మాట. పోలి పాడ్యమి నాడు, అంటే కార్తీక అమావాస్య మర్నాడు, తెల్లవారుజామున అక్కడే దీపాలు వదలాలట. నాన్న పోయాక వదల్లేదు, ఈసారి మనవరాలితో కలిసి వదులుతానంటోంది. అమ్మ మోకాళ్ళకి, పాప కాలికి భయం లేకుండా అక్కడ నీళ్ళలోకి దిగే చోటు ఉందా? లేకపోతే వేరే ఎక్కడికి వెళ్ళమంటారు?

నర్సు_సత్యవతి
ముందు ఇది చెప్పండి, టెటనస్ ఇంజెక్షన్ వేయించారా? ఒండ్రులో పడున్న పెంకు అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను.

కంబాలచెరువు_అమ్మాయి
అదే రోజు వేశారండి. కుట్లు కూడా విప్పేశారు. ఇప్పుడు గెంతుతోంది.

ఆరింటి_నడక
నేను రిటైరై పదకొండేళ్ళు. ఆ పార్కులో రోజూ ఉదయం ఆరింటికి నడుస్తాను. తల్లీ, నువ్వు వెళ్ళిన వేళ మంచిది కాదు. ఆదివారం సాయంత్రం అంటే శనివారం రాత్రి పడేసినవన్నీ గడ్డిలోనే ఉంటాయి. రాత్రి ఎనిమిది దాటితే అక్కడ చేరేది వేరే జనం. సీసాలు గట్టు గోడకేసి కొడతారు. పొద్దున్న మేము నలుగురం కర్రతో గడ్డి కెలుకుతూ ఏరతాం. కంటికి కనపడేవి ఏరగలం, ఒండ్రులో కూరుకుపోయినవి మా వల్ల కాదు.

ఉదయం రండి. ఎండ ఎక్కకముందు నీటి మీద పల్చటి పొగమంచు, దాంట్లోంచి వలలేసే పడవ ఒకటి మెల్లగా వస్తుంటుంది. ఆ పూట పార్కు నీ చిన్నప్పటి పార్కే.

పులసకూర
ఆ పొగమంచు మాట చదివి ఇక్కడ చెన్నైలో ఆఫీసులో కూర్చోలేకపోతున్నాను బాబాయ్ గారూ.

బెజవాడ_బుల్లోడు
టికెట్ పెట్టాలండి. మనిషికి పది రూపాయలు పెట్టి, గేటు దగ్గర ఒక వాచ్‌మన్‌ని కూర్చోబెడితే సీసాలు లోపలికి రావు. మాకు భవానీ ద్వీపం ఉంది, పున్నమి ఘాట్ నుంచి పడవెక్కి వెళ్ళాలి. పడవ టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు పిల్లల్ని ఆడించుకుని పోతారు. ఊరికే దొరికేదానికి విలువుండదు.

పొత్తులబండి
బుల్లోడు గారు, పది రూపాయలు మీకు లెక్క కాకపోవచ్చు. మా నాన్న ఆ గేటు బయట 22 ఏళ్ళుగా మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నాడు. సాయంత్రం అక్కడికొచ్చేది ఎవరో మేము రోజూ చూస్తాం. ఇటుక పనికి పోయి వచ్చి పిల్లల్ని ఉయ్యాల ఎక్కించే అమ్మ ఉంటుంది. నలుగురు పిల్లలు, తను ఒకతి, యాభై రూపాయలు. ఆ డబ్బు ఉంటే ఆవిడ పాలప్యాకెట్ కొంటుంది, పార్కుకి రాదు. ఊళ్ళో డబ్బు లేకుండా చల్లగాలికి కూర్చోగలిగేది గోదారి ఒడ్డునే.

బెజవాడ_బుల్లోడు
మరి మీ పొత్తుల తొక్కలు, కాగితం ప్లేట్లు గడ్డిలో ఎవరు వేస్తున్నారు? ఇద్దరు ముగ్గురు ఇదే చెప్పారు నాతో.

పొత్తులబండి
తొక్కలు మా బండి కింద గోనెసంచిలోకి పోతాయి. మా పక్కింటి గేదె అవి తినే పాలిస్తోంది. కొనుక్కున్నవాళ్ళు కంకి చేత్తో పట్టుకుని లోపలికెళ్ళి అక్కడ పారేస్తే, అది నిజమే, మా నాన్న వెళ్ళి ఏరలేడు. బండి వదిలి వెళ్తే పొత్తు మాడిపోద్ది. లోపల ఒక్క చెత్తబుట్ట ఉంది, దాని అడుగు ఊడిపోయి రెండేళ్ళయింది. ఆ జారుడుబల్ల పక్కన ఉయ్యాల బాగుంది అని అక్క రాశారు కదా, దాని గొలుసుకి ప్రతి నెలా నూనె వేసేది మా నాన్నే. కీచుమంటే పిల్లలు ఎక్కరు, పిల్లలు ఎక్కకపోతే బేరం ఉండదు. అందుకైనా వేస్తాడు.

ఆరింటి_నడక
నూనె సంగతి నిజం. సీసాతో వచ్చి వేయడం నా కళ్ళతో చూశాను. ఇన్నేళ్ళూ నడిచి నేను ఆ పని చేయాలని అనుకోలేదు. రేపు మీ నాన్నగారి దగ్గర ఆగి పలకరిస్తాను.

కొవ్వూరు_కోడలు
టికెట్ గొడవ తర్వాత పడండి. ఆడవాళ్ళ బాత్రూమ్ సంగతి ఎవరూ ఎత్తరేం? దానికి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. పోయిన కార్తీకంలో మా అత్తగారు ఇంటి నుంచి బయల్దేరే ముందు మంచినీళ్ళు కూడా తాగలేదు, అక్కడ ఇబ్బంది అవుతుందని. చక్కెర జబ్బు ఉన్న మనిషి నాలుగు గంటలు నీళ్ళు తాగకుండా ఉంది. మొక్కలు, బల్లలు, లైట్లు తర్వాత. ముందు తాళం తీయండి.

నర్సు_సత్యవతి
ఈ పోస్టుని అందరికీ కనపడేలా పైన పిన్ చేయాలి. పెద్దవాళ్ళు ఆ భయంతోనే నీళ్ళు మానేసి కళ్ళు తిరిగి పడతారు.

కంబాలచెరువు_అమ్మాయి
అమ్మ కూడా అంతే చేస్తుందండి. ఆ రోజు కాఫీ వద్దంది, ఎందుకో నాకు ఇప్పుడు అర్థమైంది.

హేవలాక్1900
పాపకి ఒకటి చూపించండి అక్కా. ఆ ఒడ్డు నుంచి రైలు వంతెనలు మూడు కనిపిస్తాయి. పాత హేవలాక్ వంతెన 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు మోసింది. రోడ్డు, రైలు రెండూ ఉన్న వంతెన 1974ది. మూడోది విల్లులా వంగిన ఆర్చి వంతెన, దాని మీద రాత్రి రైలు పోతే కిటికీల వెలుతురు నీళ్ళలో పొడుగ్గా వణుకుతుంది. మా అబ్బాయి పెట్టెలు లెక్కపెట్టడం అక్కడే నేర్చుకున్నాడు. 24 పెట్టెల రైలొస్తే వాడికి పండగే.

లంకపిల్లోడు
అసలు ప్రశ్న నీళ్ళలోకి ఎక్కడ దిగాలని. అది నేను చెప్తాను, మాది గోదారి మధ్య లంక, పడవ మీదే బడికెళ్ళాను.

మొదటిది, గోదారి ఒక్కలా ఉండదు. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి. గేట్లు దించి ఉన్నప్పుడు రాజమండ్రి దగ్గర నీళ్ళు చెరువులా నిలబడి ఉంటాయి. వరదకి గేట్లు ఎత్తేశాక అదే చోట అలలేం కనిపించవు, కానీ లోపల లాగుడు ఉంటుంది. పోలి పాడ్యమి నాటికి మామూలుగా వరద పోయి నీళ్ళు నెమ్మదిస్తాయి. అది మీకు మంచి కాలమే.

రెండోది మెట్లు. ఆగస్టులో మునిగి, ఆ తర్వాత బయటపడ్డ మెట్ల మీద ఒండ్రు, దాని మీద పాచి పడుతుంది. చూడ్డానికి మట్టిలా ఉంటుంది, కాలు పెడితే వెన్న. ఆ పార్కు దగ్గర రేవులో నీటికి పైన ఉన్న మెట్టు కాదు, నీళ్ళలో ఉన్న మొదటి మెట్టే మనిషిని పడేసేది. చీపురుకట్ట పట్టుకెళ్ళి గీసి చూడండి. గరుకు తగిలితే దిగొచ్చు. హవాయి చెప్పులతో అస్సలు దిగొద్దు.

మూడోది, చివరి మెట్టు ఎక్కడ అయిపోతుందో కర్రతో పొడిచి చూడాలి. దాని తర్వాత నేల లేదు.

రెండో_మెట్టు
లంకపిల్లోడు గారు రాసింది చదివి చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు. మా పిన్ని కొడుకు. 19 ఏళ్ళు. కాళ్ళు కడుక్కుంటానని దిగాడు. ఫ్రెండ్స్ పైన ఫోటోలు తీసుకుంటున్నారు. అరుపు కూడా వినపడలేదట. ఈత వచ్చు వాడికి, కాలవలో నేర్చుకున్నాడు.

నా మాట ఒక్కటే. ఆ పార్కుకీ నదికీ మధ్య కంచె వేయాలి. మనిషి నడుము ఎత్తు కాదు, తల ఎత్తు. దూరం నుంచి చూస్తే చాలదా గోదారిని?

ఆరింటి_నడక
బాబూ, నీ బాధ ముందు నేను వాదించను. కానీ ఈ ఊళ్ళో పుట్టిన మనిషికి గోదారిని దూరం నుంచి చూడమంటే కుదరదు. పిండం పెట్టాలన్నా, దీపం వదలాలన్నా, ఊరు వదిలి వెళ్తూ నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకోవాలన్నా నీళ్ళు చేతికి అందాలి. కంచె వేస్తే కుర్రాళ్ళు దూకి వెళ్తారు, ఆగిపోయేది ముసలివాళ్ళే.

రెండో_మెట్టు
దూకి వెళ్ళేవాడు తెలిసి వెళ్తాడు. మావాడు తెలియక వెళ్ళాడు.

లంకపిల్లోడు
అన్నా, మీరన్నది నిజం. తెలియకపోవడమే సగం. కంచె కాకుండా ఇలా చేస్తే ఏమంటారు? రేవు మెట్లకి రెండు పక్కలా గొలుసు, నీటిలోకి మూడు మెట్ల దాకా. ఎక్కడ మెట్లు అయిపోతాయో అక్కడ నీటి మీద తేలేలా ఎర్ర డబ్బాలు కట్టిన తాడు. మా లంక రేవులో మేమే కట్టుకున్నాం, ఖాళీ నూనె డబ్బాలకి రంగేసి. పిల్లలకి 'ఎర్ర డబ్బా దాటితే అమ్మ కొడుతుంది' అని చెప్పాం. వాళ్ళు దాటరు. పార్కు మిగతా పొడవంతా మీరన్నట్టు కంచె ఉండాల్సిందే, అక్కడ మెట్లు లేవు, ఒడ్డు కోసుకుపోయి ఉంది.

రెండో_మెట్టు
డబ్బాల తాడు అప్పుడు ఉంటే వాడు ఆగేవాడు. దీనికి ఒప్పుకుంటాను. కట్టే రోజు చెప్పండి, వస్తాను.

బెజవాడ_బుల్లోడు
పైన మొక్కజొన్న తమ్ముడిని తొందరపడి అన్నాను. మాట వెనక్కి తీసుకుంటున్నాను. చెత్తబుట్ట అడుగు ఊడిందన్నారు, రెండు కొత్తవి నేను పంపిస్తాను. అడ్రస్ ఇక్కడ పెట్టొద్దు, మెసేజ్ చేయండి.

పులసకూర
వరద హెచ్చరికలు వార్తల్లో వింటాం కానీ అర్థం కావు. ఒకటో నంబరు, రెండో నంబరు అంటే పార్కులో ఎంత దాకా వస్తాయి నీళ్ళు?

ఆరింటి_నడక
ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. పైన భద్రాచలంలో 43, 48, 53 అడుగులు. భద్రాచలంలో పెరిగిన నీళ్ళు మన దగ్గరికి రావడానికి కొంత వ్యవధి ఉంటుంది కాబట్టి అక్కడి అంకె చూసుకుని ఇక్కడ సర్దుకోవచ్చు. 1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ఆ రెండుసార్లూ నేను గట్టు మీద నిలబడి చూశాను. 86లో చెట్లు వేళ్ళతో సహా కొట్టుకుపోతుంటే ఊరు ఊరంతా మాటలేకుండా చూసింది.

పార్కు వరకు నా లెక్క ఇది. మొదటి హెచ్చరిక అనగానే పిల్లల్ని తీసుకెళ్ళడం మానేయాలి. తీశాక కూడా పది రోజులు ఆగాలి, ఒండ్రు ఆరి గట్టిపడాలి.

మొక్కలోడు_కడియం
ఒండ్రుని తిట్టకండి. మా నర్సరీలవాళ్ళు దాన్ని డబ్బు పెట్టి తోలించుకుంటారు. తప్పు ఆ పార్కులో వేసిన మొక్కలది. ఏటా మునిగే చోట కార్పెట్ గడ్డి పరిచారు, వారం నీళ్ళ కింద ఉంటే అది కుళ్ళిపోతుంది. ఆ బోసి నేలలోనే పెంకులు కూరుకుపోతున్నాయి. మామూలు గరిక వేస్తే మునిగినా మళ్ళీ చిగురు వేస్తుంది. నీడకి కానుగ, ఏరుమద్ది. ఏరుమద్ది పేరులోనే ఏరు ఉంది, నది ఒడ్డున పుట్టే చెట్టు, వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. అందం కోసం తెచ్చిన పామ్ చెట్లు అక్కడ దండగ, నీడ కూడా ఇవ్వవు.

పాతిక కానుగ, పది ఏరుమద్ది నా వంతు. గుంటలు మీరు తీయండి.

కంబాలచెరువు_అమ్మాయి
నేను దిగే చోటు ఉందా అని అడిగాను, మీరు చెట్లు కూడా తెచ్చేస్తున్నారు. ఏం చెప్పాలో తెలియట్లేదు. అమ్మకి ఈ చర్చంతా ఫోన్‌లో చదివి వినిపించాను. రెండో_మెట్టు గారి మాట దగ్గర ఆపమంది, కాసేపయ్యాక మళ్ళీ చదవమంది.

కొవ్వూరు_కోడలు
వేరే చోటు కావాలంటే అవతలి ఒడ్డున మా కొవ్వూరులో గోష్పాద క్షేత్రం రేవుకి రండి. అటు పక్క రాజమండ్రి తూర్పున ఉంటుంది కదా, దీపం వదిలి తలెత్తితే ఎదురుగా ఊరి మీద సూర్యుడు వస్తాడు. మీ ఒడ్డున అస్తమయం బాగుంటుంది, తెల్లవారుజాము మాత్రం మాదే.

హేవలాక్1900
అక్కా, ఊరి ఉదయాన్ని కూడా కొవ్వూరికి ఇచ్చేశారు. సరే, ఒప్పుకుంటున్నాం.

లంకపిల్లోడు
అమ్మగారికి ఆ రేవే కావాలంటున్నారు కదా. అయితే వినండి. ముందు రోజు సాయంత్రం నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ వెళ్ళి నాలుగు మెట్లు సున్నపురాయి, చీపురుకట్టలతో గీకుతాం. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పొడి మెట్టు మీద వేస్తాం. అమ్మగారు నీళ్ళలోకి దిగక్కర్లేదు. కుర్చీలో కూర్చుని అరటి దొప్ప చేతికిస్తే మా తమ్ముడు నీళ్ళలో నిలబడి అందుకుని వదులుతాడు. ఆవిడ వేలు తగిలి వదిలినట్టే ఉండాలంటే బిందెతో గోదారి నీళ్ళు కుర్చీ దగ్గరికే తెస్తాం.

కంబాలచెరువు_అమ్మాయి
తమ్ముడూ, మీ అమ్మ కడుపు చల్లగా ఉండాలి.

నర్సు_సత్యవతి
బాత్రూమ్ తాళం?

ఆరింటి_నడక
మా నడక జట్టు అంతా సంతకాలు పెట్టి కాగితం ఇచ్చాం. రెండుసార్లు తిరిగాం. మూడోసారి తాళంచెవి చేతికొచ్చింది. ఉదయం ఐదింటికి తీసే బాధ్యత నాది, రాత్రి వేసేది పొత్తులబండి వాళ్ళ నాన్నగారు. లోపల కుళాయి రావట్లేదు, రెండు డ్రమ్ములు పెట్టాం. ఇంకా పని ఉంది.

పొత్తులబండి
ఆదివారం 17 మందిమి కలిశాం. ఒండ్రు పారతో పలచగా లేపి జల్లెడ పట్టాం. ఇసుక జల్లెడే, మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చాం. సీసా పెంకులే ఒకటిన్నర గోనెసంచి. ఒక వెండి మట్టె కూడా దొరికింది, మా నాన్న దగ్గరుంది, ఎవరిదో ఆనవాలు చెప్పి తీసుకెళ్ళండి. జారుడుబల్ల రేకు తీసేశాం. కొత్తది వేసేదాకా తాడుతో కట్టి ఉంచాం, పిల్లలు ఎక్కకుండా.

రెండో_మెట్టు
డబ్బాల తాడు కట్టడానికి వెళ్ళాను. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ రేవులో నిలబడ్డాను. లంకపిల్లోడు గారు నా చెయ్యి వదల్లేదు. తొమ్మిది డబ్బాలు, ఎర్ర రంగు నేనే వేశాను.

కంబాలచెరువు_అమ్మాయి
వెళ్ళొచ్చాం. తెల్లవారుజామున నాలుగున్నరకి చేరాం, చీకటి, చలి. గేటు దగ్గర బాబాయ్ గారు టార్చి పట్టుకుని ఉన్నారు. బాత్రూమ్ తాళం తీసి ఉంది, అమ్మ బయల్దేరే ముందు కాఫీ తాగింది.

కుర్చీ వేశారు. కానీ అమ్మ కూర్చోలేదు. గొలుసు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, నీళ్ళు పాదాల మీదికి వచ్చేదాకా వెళ్ళింది. నేను ఒక చెయ్యి, లంక తమ్ముడు ఒక చెయ్యి. పాప పై మెట్టు మీద నర్సు గారి ఒళ్ళో ఉంది. అరటి దొప్పలో ఆవునేతి వత్తి, పక్కన చామంతి రేకలు. అమ్మ దొప్పని నీటి మీద పెట్టి వేళ్ళతో నీళ్ళని మెల్లగా ముందుకి తోసింది. దీపం ఎర్ర డబ్బాల దాకా వెళ్ళి ఒక డబ్బాకి ఆనుకుని ఆగింది. పాప 'అమ్మమ్మా, అది కూడా దాటట్లేదు' అంది. కాసేపటికి చిన్న అల వచ్చి డబ్బా పక్కకి జరిగింది. దీపం వెళ్ళిపోయింది.

అమ్మ నాన్న గురించి ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి రెండు ఇడ్లీలు ఎక్కువ తింది.

ఒక సంగతి. పాప గులాబీ రంగు బూట్లు, ఎడమదాని మీద సీతాకోకచిలుక బొమ్మ, కొత్తగా నాటిన కానుగ మొక్క దగ్గర విప్పి మర్చిపోయాం. ఎవరికైనా కనిపించాయా?

పొత్తులబండి
మా బండి మీద ఉన్నాయక్కా. మా నాన్న కవర్‌లో చుట్టి పెట్టాడు. సాయంత్రం రైలుకా మీరు? స్టేషన్‌కి నేనే తెచ్చి ఇస్తాను, పెట్టె నంబర్ చెప్పండి.